అత్త చెవిలో పాట, ఎండబెట్టిన సెల్లులు

ఆ రోజుల్లో బొంబాయిలోని మా చాల్‌లో, ఆ వరుస గదుల మేడలో, పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు. గ్యాలరీ ఆ చివరి ఖోలీలో, అంటే గదిలో, రేడియో పెడితే ఈ చివర మేము పళ్ళు తోముకుంటూ వినేవాళ్ళం. ఇష్టమేనా అని ఎవరూ అడిగేవారు కాదు, వద్దని ఎవరూ చెప్పేవారు కాదు. (నేను ఒకసారి చెప్పాను. పన్నెండో తరగతి పరీక్షలు, కాస్త తగ్గించమన్నాను. "నువ్వు బట్టీ కొట్టే సప్పుడు మేం ఇంటలేమా?" అన్నాడు ఆ ఖోలీ ఆయన. పరీక్ష తప్పాను. ఆ మాటా, ఆ రేడియో మీది పచ్చ గుడ్డా నాకింకా గుర్తే.) మా తాతముత్తాతలు పాలమూరు నుంచి వచ్చి, ఈ ఊరి మేడలకు రాళ్ళూ సున్నమూ మోసి, కూలీలను కామాటీలనేవారు కాబట్టి కామాటిపుర అనే పేరును ఈ గల్లీలకు మిగిల్చి పోయారు. పక్క గల్లీల్లోని సానిళ్ళను తలచుకుని, అడ్రసు చెప్పగానే వంకరగా నవ్విన టాక్సీవాళ్ళను కూడా నేను మరిచిపోలేదు, కానీ అది వేరే ఫిర్యాదు. ఇప్పుడు చెప్పబోయేది ఎనభైల నడుమ ఒక వానాకాలం ముందు జరిగిన సంగతి. ఇన్నేళ్ళయినా మొదటి వాన పడగానే నా చెవి ఇంటి కప్పు వైపు తిరుగుతుంది. చుక్క రాలిన చప్పుడు లేదని తెలిశాకే ఊపిరి వదులుతాను.

ఆ ఏడు దుబాయి నుంచి మా బావ సెలవు మీద వచ్చాడు. బావంటే మా మేనత్త కొడుకు. రెండు సూట్‌కేసులు, ఒక సెంటు వాసన, నల్లద్దాలు. మా నాన్నకు టార్చిలైటు, అమ్మకు మెరిసే చీర, పెదనాయనకు గడియారం, పక్క ఖోలీ వాళ్ళకు కూడా బాదం పప్పు. నా వంతు వచ్చేసరికి సూట్‌కేసు అడుగున తడిమి ఒక సబ్బు తీసి ఇచ్చాడు. "మంచి వాసనొస్తది రా, నీకు అవసరమే" అన్నాడు. గ్యాలరీ అంతా నవ్వింది. ఆ తరవాత, అరచేతిలో పట్టే ఒక వెండి రంగు డబ్బా బయటికి తీశాడు. వాక్‌మన్. దాన్ని వాళ్ళమ్మ చేతిలో, అంటే మా అత్త చేతిలో పెట్టి, "ఎండల పని జేసేటప్పుడు చెవులకు పెట్టుకోయే అమ్మా, నీకొక్కదానికే ఇనొస్తది" అన్నాడు. దాన్ని పెట్టి తెచ్చిన అట్టడబ్బాను మాత్రం నా వైపు విసిరి, "ఇది నువ్వుంచుకో" అన్నాడు. ఉంచుకున్నాను. చాలా ఏళ్ళు ఉంచుకున్నాను, ఎప్పటికైనా అతని మొహాన కొట్టడానికి.

చాల్‌లో ఆ యంత్రానికి మంచి పేరు రాలేదు. పాట పెట్టుకుంటే పదిమందికీ వినపడాలి గానీ, రెండు స్పాంజి బిళ్ళలు చెవులకు తగిలించుకుని ఒక్కరే వినడమేమిటి? "అన్నం దాసుకొని తినేటోళ్ళను జూసిన గానీ, పాట దాసుకొని ఇనేటోళ్ళను జూడలే" అని మా అమ్మే అంది. అత్త మాత్రం ముచ్చటపడింది, కొడుకు ఇచ్చినది కదా. అయితే బావ విమానమెక్కిన మర్నాడే తేలింది, దాని మీద ఏ మీట ఏమి చేస్తుందో ఆమెకు తెలియదని. అలా, ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందని బావ హెచ్చరించి పోయిన ఆ వాక్‌మన్‌కు నేను ఆపరేటర్‌నయ్యాను. జీతం లేదు. కేసెట్టు పక్క తిప్పడం, సెల్లులు ఖర్చు కాకుండా పెన్సిలు దూర్చి టేపును వెనక్కి చుట్టడం, ఫాక్‌లాండ్ రోడ్డులో పాటలు ఎక్కించే దుకాణానికి పోయి కావలసినవి చెప్పి ఖాళీ కేసెట్టు నింపించుకు రావడం, అన్నీ నా పనే. అత్త భజనలు కావాలంది. ఒక పక్క నిండా భజనలు ఎక్కించాను. రెండో పక్క ఖాళీగా ఎందుకుండాలి? అప్పట్లో పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ళు వాయించే గంతుల పాటలుండేవి, అవి నింపించాను. ఇంత చాకిరీ చేసే ఆపరేటరుకు ఒక పక్కైనా ఉండొద్దా? ఇది న్యాయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇక పని సంగతి. మా పెదనాయన మేస్త్రీ. మేడల పైకప్పు వేయడంలో మా గల్లీలో ఆయనకు పేరుంది. పాత మేడల మీద వాన నీరు దిగకుండా ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, బెల్లం నీళ్ళు చల్లుతూ, ఆడవాళ్ళు వరుసగా గొంతుక్కూర్చుని చెక్కలతో కొట్టి కొట్టి గట్టి చేసేవారు. బొంబాయిలో దాన్ని కోబా అంటారు. దెబ్బలన్నీ ఒకేసారి పడాలి. ఒకరు ముందు, ఒకరు వెనుక పడితే ఒక చోట గట్టిగా, ఒక చోట గుల్లగా ఉండిపోయి, వానాకాలంలో కింది వాళ్ళ అన్నంలో నీళ్ళు కారతాయి. అందుకని పాట. ముందు ఒకరు పాడతారు, మిగతావాళ్ళు అందుకుంటారు, చరణం చివర దెబ్బ. ఆ ముందు పాడే మనిషి మా అత్త. దీనికొక కట్టుబాటుంది: అత్త ఆపేదాకా ఎవరూ ఆపకూడదు. తాళం తప్పిన మనిషి పేరును అక్కడికక్కడే పాటలో కలిపేస్తారు, ఇక సాయంత్రం దాకా ఆమె బతుకు ఆ పాటలో నలుగుతుంది. చెయ్యి పడిపోయినా సరే గానీ పాటలో పేరు పడకూడదని అందరూ కొట్టేవాళ్ళు.

పెదనాయనకు మోకాళ్ళ నొప్పి. మేడ ఎక్కేవాడు కాదు. కింద చాయ్ హోటల్లో, వీధి వైపు బల్ల మీద కూర్చుని చెవితోనే పని చూసేవాడు. పాట వినపడితే పని సాగుతున్నట్టు, పాట ఆగితే పని ఆగినట్టు. ఆగితే అక్కడి నుంచే అరుపు. పైన కళ్ళతో చూడటానికి నన్ను పిట్టగోడ మీద కూర్చోబెట్టాడు. పరీక్ష తప్పాను కాబట్టి ఆయన నన్ను వెక్కిరింపుగా లాట్‌సాబ్, అంటే దొరవారు, అని పిలిచేవాడు. నాకేమో నాగ్‌పాడాలో రేడియోలూ టేపులూ బాగుచేసే షాపులో పని నేర్చుకోవాలని ఉండేది. ఆ షాపాయన పెదనాయనకు దోస్తు. ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట చెప్పమని నేను ఎన్నిసార్లు అడిగానో ఆయనకు గుర్తుండదు, నాకుంటుంది. చివరికి అదే నాగ్‌పాడాలో ఒక పాత మేడ పని పట్టినప్పుడు ఒప్పుకున్నాడు.

"ఇగో లాట్‌సాబ్, ఇను. ఈ మేడ వానకు కార్వకుండ నిలవడ్డదా, నిన్ను ఆ రేడియో షాపుల కూసోవెడ్త. ఒక్క సుక్క కారిందా, నీ నెత్తి మీద గమేళా వెడ్త. జిందగీ అంత సున్నం మోస్కుంట తిరుగు. సమజైందా?"

"కొట్టేది వాళ్ళు, పెదనాయినా. కారితే నా నెత్తి మీదెందుకు?"

"సూసేటోనివి నువ్వు గదా?"

ఈ న్యాయం ఏ కోర్టులోనూ నిలవదు. కానీ గమేళా, అదే సున్నం మోసే ఇనప తట్ట, సంగతి నిజం. అప్పటికే మా వాళ్ళ పిల్లలు ఇద్దరు ముగ్గురు నాలాగే పరీక్ష తప్పి సున్నం గమేళా నెత్తికెత్తుకున్నారు, దించలేదు. నేను ఆ రాత్రి తలను చేత్తో తడుముకుంటూ పడుకున్నాను.

పని సగం సాఫీగానే జరిగింది. అత్త రోజూ వాక్‌మన్ తెచ్చుకునేది. ఎండకు నెత్తి మీద కొంగు, కొంగు మీద తువ్వాలు, వాటి కింద చెవి బిళ్ళలు. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు. చెవిలో నెమ్మదిగా సాగే భజన, నోట తన పని పాట. రెండింటి నడకా ఇంచుమించు ఒకటే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఇంతలో సెల్లులు అయిపోయాయి. కొత్తవి కొనాలని పెదనాయనను అడిగాను. "పాటకు పైసలా? మీ అత్త పుట్టినకాడికెంచి ఫుకట్ల పాడుతుంది" అన్నాడు. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నింద నా మీద వేసినప్పుడు పనికొస్తుంది. సెల్లులు కొననన్నది ఆయన. నేనేం చెయ్యగలను? చాల్‌లో అందరూ చేసేదే చేశాను. పాత సెల్లులను గ్యాలరీ పిట్టగోడ మీద, అప్పడాల పక్కన, ఎండబెట్టాను. ఎండిన సెల్లులకు కొంత ప్రాణం వస్తుంది. ఎంతసేపు ఉంటుందనేది మాత్రం వాటి దయ.

ఆ రోజు పొద్దున నల్లా వరుసలో బిందె పెట్టి నిలబడి, ఎండిన సెల్లులు వేసి, నా పక్క పాటలు కాసేపు విన్నాను. నీళ్ళు వచ్చాయి, తోపులాట మొదలైంది, వాక్‌మన్ అత్త చేతికిచ్చి బిందె పట్టుకున్నాను. కేసెట్టు పక్క తిప్పలేదు. బిందె నింపుకోవడమా, పక్క తిప్పడమా అంటే, కామాటిపురలో పుట్టినవాడెవడైనా బిందె వైపే ఉంటాడు.

ఆ రోజు పడమటి వైపు మబ్బు కూడా పట్టింది. వానాకాలానికి ఇంకా వ్యవధి ఉందనుకున్నాం, మబ్బు అనుకోలేదు. మిగిలిన భాగం ఆ పూట పూర్తి కావాలి. పెదనాయన పొద్దున్నే కింద నుంచి, "ఏయ్, లౌకర్ లౌకర్, జల్ది! మొగులు జూడుండ్రి!" అని అరిచి బల్ల మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు వరుసగా కూర్చున్నారు. అత్త తువ్వాలు సర్దుకుని, కొంగు లోపల మీట నొక్కుకుని ఎత్తుకుంది:

"ఇటుక ముక్క ఇరిసి పెట్టు ఓ యమ్మా... సున్నమోసి సాపు జేయి ఓ యమ్మా..."

మొదటి రెండు చరణాలు మామూలే. మూడోదానికి అత్త భుజాలు కదిలాయి. నాలుగోదానికి నడుము కదిలింది. "ఓ యమ్మా" అనే మాట "ఓయ్మ" అయి, దాని వెంట దెబ్బ టప్పుమని పడింది. ఊపిరి తీసుకునే సందు లేకుండా ఇంకోటి, దాని వెనుక ఇంకోటి. చెవిలో పెళ్ళి బ్యాండు మోగుతోంది, నోట సున్నం పాట పరిగెడుతోంది, చేతిలో చెక్క పిచ్చెత్తినట్టు ఎగురుతోంది. ఆ బ్యాండు అత్తకు తప్ప ఎవరికీ వినపడదు. వరుసంతా ఆమె వెంట పడింది. బెల్లం నీళ్ళు చిందుతున్నాయి, గాజులు గలగలమంటున్నాయి, చీరలు దోపుకునే తీరిక లేదు.

"అక్కో! ఏందే ఇయ్యాల? జర్ర మెల్లగ!" అని అత్త పక్కనున్న లచ్చక్క మొత్తుకుంది.

అత్తకు వినపడితే కదా! పైగా నవ్వుతోంది.

"ఓ వదినో, నీ కాల్మొక్త, పానం పోతుంది!" అని ఇంకొకామె.

"మరి ఆపు, పాటల పేరు వడ్తది" అంది చివరి మనిషి, రొప్పుతూనే. ఎవరూ ఆపలేదు.

నేను పిట్టగోడ మీద నుంచి కిందికి చూశాను. పెదనాయన చాయ్ గ్లాసు పట్టుకుని పై వైపు చెవి పెట్టి, వెలిగిపోతున్న మొహంతో కాలు ఊపుతున్నాడు. పక్కనున్న వాళ్ళతో, "మావోళ్ళు! మిషినొద్దు గిషినొద్దు!" అంటున్నాడు. జీవితంలో మొదటిసారి నా వైపు చూసి, "శభాష్ లాట్‌సాబ్!" అన్నాడు. నేను చేసిందేమీ లేదు, కానీ శభాష్‌ను వెనక్కి ఇవ్వలేదు. ఆయన నోట నాకు దక్కిన శభాష్ ఆ ఒక్కటే.

అప్పుడు ఎండబెట్టిన సెల్లులు తమ బుద్ధి చూపించాయి. ముందుగా అత్త గొంతు కొంచెం దిగింది. తరవాత నడుము ఆగింది. పాట మెల్లగా, ఇంకా మెల్లగా, బురదలో ఎద్దుబండిలా నడిచింది. "ఇటు...క... ము...క్క..." అని పాడుతున్న అత్త గొంతు మగగొంతయిపోయింది. ఆమె కళ్ళు సగం మూతపడ్డాయి. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య వీధిలో పాత ట్రామ్ పట్టాల మీదుగా ఒక బస్సు వచ్చి ఆగి, మనుషులు దిగి, మళ్ళీ బయలుదేరేంత సందు. అంతసేపు పరుగెత్తిన ఆడవాళ్ళకు అది అమృతంలా ఉంది. చెక్కలు పసిపిల్లను జోకొడుతున్నట్టు పడుతున్నాయి. లచ్చక్క చెక్క మీద గడ్డం ఆనించి కునుకు తీసింది. తాళం తప్పలేదు, ఎందుకంటే ఆమె కునికి లేచేసరికి గానీ తరవాతి దెబ్బ రావడం లేదు.

"ఏమైందిరా ఆడ? సచ్చిండ్రా అందరు?" అని కింద నుంచి అరుపు. ఆ వెంటనే మెట్ల మీద మూలుగులు. ఏళ్ళ తరబడి మేడ ఎక్కని పెదనాయన మోకాళ్ళను తిట్టుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చేశాడు. నేను పిట్టగోడ దిగి, దేనికో ఒకదానికి పనికొస్తుందని ఒక గమేళా చేత్తో పట్టుకున్నాను. (దాన్ని అలవాటు చేసుకుంటున్నానేమోనని వెంటనే కింద పెట్టేశాను.)

"చెల్లే! ఓ చెల్లే! నిన్నే!" అని అత్త మొహం ముందు చేతులూపాడు. ఆమె కళ్ళు మూసుకుని, ధ్యానంలో ఉన్న మునిలా, ఒక దెబ్బ కొట్టింది. ఆయన తువ్వాలు లాగాడు. తీగలు బయటపడ్డాయి, పాటల డబ్బా సంగతి విన్నాడే గానీ ఆ తీగలను ఆయన ఎన్నడూ చూడలేదు. పెదనాయన మొహంలో కోపం ఎగిరిపోయి భయం వచ్చింది. "అయ్యో, ఇదేంది? చెవులకేమైంది చెల్లే? దవాఖానకెళ్ళినవా? నాకు చెప్పలేదేందే?" అన్నాడు. చెల్లెలు బిళ్ళలు తీసి, "ఏం గాలే అన్నా. పిలగాడిచ్చిన పాటల డబ్బ. ఇయ్యాల భజన మస్తు హుషారుగ షురువైంది గానీ, నడుమల సామికి నిద్రొచ్చినట్టుంది" అంది.

ఆ భయమంతా మళ్ళీ కోపమై నా వైపు తిరిగింది. సెల్లులు కొననన్నది మీరే అని నేను చెప్పాను, ఎండబెట్టాల్సి వచ్చిందని కూడా చెప్పాను. ఎవరూ వినలేదు. ఆయన వాక్‌మన్ లాక్కుని, "ఇది లేకముందు పాడలేదానే? పాడు!" అన్నాడు అత్తతో. అత్త నోరు తెరిచింది. పాట రాలేదు. ఒకసారి బ్యాండులా పరుగెత్తింది, ఒకసారి ఎద్దుబండిలా ఆగింది. మాటలున్నాయి, నడక పోయింది. "నా పాట యాడ వోయిందిరా?" అని నన్ను అడిగింది, ఏదో వస్తువు దాచిపెట్టినట్టు. పెదనాయన, "జరుగుండ్రి, నేను జెప్త" అని తానే ఎత్తుకున్నాడు. ఆ గొంతు విన్న ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక చెక్కలు కింద పడేశారు. పడమట మబ్బు ఇంకొంచెం దగ్గరైంది. పచ్చి సున్నం సగం కొట్టి సగం వదిలేసి ఉంది. నాకు రేడియో షాపు కనుచూపు మేర నుంచి జారిపోతున్నట్టుంది.

"కొత్త సెల్లులు వేస్తే భజన సరిగ్గా నడుస్తుంది, పెదనాయినా. అత్త నడకా దొరుకుతుంది" అన్నాను.

ఆయన మబ్బును చూశాడు, సున్నాన్ని చూశాడు, నన్ను చూశాడు. మొలలో ముడి విప్పాడు. "ఉరుకు" అన్నాడు. ఫాక్‌లాండ్ రోడ్డు దాకా ఉరికి, ఉరికి వచ్చి, సెల్లులు వేసి, ఈసారి నా కళ్ళతో చూసి భజన పక్క తిప్పాను. అయినా నమ్మకం లేదు ఆయనకు. "ముందు నేనింట. నీ దందాలు నాకు ఎరుకే" అని అత్త పక్కన చతికిలబడ్డాడు. ఒక బిళ్ళ ఆయన చెవికి, ఒక బిళ్ళ ఆమె చెవికి. తీగ పొట్టిది, కాబట్టి అన్నాచెల్లెళ్ళు తలలు ఆనించి కూర్చోవాల్సి వచ్చింది. తలలు కలిపి వాళ్ళు అంత దగ్గరగా కూర్చోవడం చిన్నప్పుడు పాలమూరు పోయినప్పుడు గొర్లు కాసిన రోజుల తరవాత మళ్ళీ అప్పుడేనట. అది తరవాత అత్తే చెప్పింది.

భజన మొదలైంది. పెదనాయన వేళ్ళు మోకాలి మీద తట్టాయి. తరవాత పక్కనున్న చెక్క అందుకున్నాడు. అత్త గొంతు విప్పింది. నడక దొరికింది. వరుసంతా ఊపిరి పీల్చుకుని అందుకుంది. చూసి చెప్పి పోవాల్సిన మేస్త్రీ బిళ్ళ తియ్యలేదు, లేవలేదు, సాయంత్రం దాకా ఆడవాళ్ళ వరుసలో కూర్చుని కోబా కొట్టాడు. మధ్యలో ఒకసారి తాళం తప్పాడు. అంతే, లచ్చక్క వదల్లేదు: "పెద్ద మేస్త్రి చేతిలోన ఓ యమ్మా... చెక్క తిరగబడ్డదమ్మ ఓ యమ్మా..." ఆయన మొహం ఎర్రబడింది, కానీ కట్టుబాటు కట్టుబాటే. చీకటి పడే లోపల ఆఖరి మూల కూడా గట్టిపడింది. తడి గోనెసంచులు కప్పాం. ఆ మబ్బు మా మీద పగ లేకుండా సముద్రం మీదుగానే ఎటో పోయింది. సున్నం ఆరడానికి కావలసినన్ని రోజులు దేవుడిచ్చాడు. నాకు మాత్రం ఆ రోజులన్నీ గమేళా బరువుతోనే గడిచాయి. పరుగు దెబ్బలు పడ్డ చోట సున్నం సరిగ్గా కూర్చుందో లేదో, నిద్ర దెబ్బలు పడ్డ చోట ఎక్కడ సందుందో ఎవరికి తెలుసు?

మొదటి వాన మధ్యాహ్నం పడింది. బొంబాయి వాన తెలిసినవాళ్ళకు చెప్పక్కరలేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. పెదనాయన, అత్త, నేను తడుస్తూ ఆ మేడ పై అంతస్తులో ఉండే మరాఠీ ముసలమ్మ ఖోలీకి పోయాం. ఆమె ఏటా వానకు అలవాటుపడి, ఇంట్లో ఉన్న గిన్నెలూ తపేలాలూ డబ్బాలూ అన్నీ ముందే నేల మీద పరిచి ఉంచింది. కాలు పెట్టడానికి చోటు లేదు. నేను గొడుగు మూసి, కిందెక్కడా చోటు లేక, కప్పు దూలానికున్న మేకుకు తగిలించాను. నలుగురం గిన్నెల మధ్య నిలబడి మెడలు వెనక్కి వాల్చి కప్పు చూస్తున్నాం. పైన వాన బాదుతోంది, అత్త వరుస బాదినట్టే, తాళం తప్పకుండా. గిన్నెలు మాట్లాడటం లేదు. కాసేపు. ఇంకాసేపు. ముసలమ్మ, "కాయ్ ఝాలా? పాణీ కుఠే?" అని, నీళ్ళు రాకపోవడమే తప్పన్నట్టు, నీళ్ళెక్కడని అడిగింది.

అప్పుడు టప్పుమని ఒక చుక్క పెదనాయన బట్టతల నడినెత్తిన పడింది.

పెదనాయన చెయ్యి మెల్లగా నెత్తి మీదికి పోయింది. తడి చూసుకున్నాడు. నా వైపు తిరిగాడు. ఆ చూపులో గమేళా ఉంది, సున్నం ఉంది, నా జిందగీ అంతా ఉంది. ఇంకో చుక్క. అత్త మాత్రం మెడ ఇంకొంచెం వెనక్కి వంచి చూసి, "అన్నా, నీ నెత్తి మీద గొడుగు ఏలాడుతుందే" అంది.

కప్పు పొడిగా ఉంది. సూది మొనంత చెమ్మ లేదు. కారింది నా గొడుగు.

"ఈ గొడుగెవనిదిరా?" అని అరిచాడు పెదనాయన.

"నాది, పెదనాయినా! నాదే!" అన్నాను. ఒక వస్తువు నాదని చెప్పుకోవడంలో అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ముందు ముసలమ్మ నవ్వింది, తరవాత అత్త, తరవాత, చాలాసేపు ఆపుకుని, పెదనాయన. నేను నవ్వలేదు, ఒక తపేలాలో కూలబడ్డాను. ఊపిరి ఎంతసేపటి నుంచి బిగబట్టానో అది వదిలినప్పుడే తెలిసింది. "చాల్ చాల్ అన్నా, ఇగ పోరన్ని ఏడిపియ్యకు. మాటిచ్చినవు గదా" అంది అత్త. ఆయన తువ్వాలుతో నెత్తి తుడుచుకుంటూ, "రేపు పొద్దుగాల్ల తయారుండు లాట్‌సాబ్. సబ్బుతోని తానం జెయ్. ఉంది గదా దుబాయి సబ్బు" అన్నాడు. ఉంది. నేను ఆ సబ్బును అప్పటిదాకా పగబట్టి వాడలేదు. మర్నాడు పొద్దున వాడాను. వాసన మంచిదే, బావకు ఆ మాట నేను చెప్పలేదు.

షాపులో నా చేతికి వచ్చిన మొదటి కేసు అత్త వాక్‌మనే. విప్పి చూస్తే లోపల సున్నం పొడి, బెల్లం జిగురు, ఆ జిగురుకు పట్టిన చీమల దండు. షాపాయన తలకొట్టుకుని, స్పిరిటూ దూదీ ఇచ్చి తుడవమన్నాడు. అలా నేర్చుకున్నదే నా బతుకుతెరువైంది. బావ మళ్ళీ సెలవుకు వచ్చినప్పుడు, "పాడు జేసినవంట గదా" అన్నాడే గానీ, బాగు చేసినవంట గదా అనలేదు. పెదనాయన ఆ మేడ సంగతి ఎక్కడ చెప్పినా, "చాయ్ తాగుకుంట చెవితోనే కనిపెట్టిన" అని తన చెవిని పట్టుకు చూపించేవాడు. ఎండబెట్టిన సెల్లుల ఊసు లేదు, ఫాక్‌లాండ్ రోడ్డుకు ఉరికిన నా ఊసు అసలే లేదు. ఆయన పోయేదాకా ఆ కథను అలాగే చెప్పాడు. నేను ప్రతిసారీ పక్కన కూర్చుని సరిదిద్దాను. ఎవరూ వినలేదు.

కేసెట్లు పోయాయి, సీడీలు వచ్చి పోయాయి, గోటి కన్నా చిన్న చిప్పులో వెయ్యి పాటలు పట్టే డబ్బాలు వచ్చాయి. అవీ నా బల్ల మీదికి వచ్చాయి. కంప్యూటరు పెట్టి వాటిలో పాటలు నింపి ఇచ్చాను. కాలంతో పాటు నడిచానని నన్నెవరూ మెచ్చుకోలేదు, అది వేరే సంగతి. కానీ ఒక్కటి గమనించాను: ఈ డబ్బాలకు ఛార్జి తగ్గితే పాట నెమ్మదించదు. చివరి క్షణం దాకా కులాసాగా పరుగెత్తి, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ ఎండబెట్టిన సెల్లులే నయం, అలసిపోతున్నామని ముందే చెప్పేవి.

మొన్న మా తమ్ముడి కూతురు నా ఫోనులో ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ వేసింది. అందులో పాటను మెల్లగా నడిపే మీట కూడా ఉందట. అత్త లేదిప్పుడు, ఆ కేసెట్టూ లేదు, కానీ ఆ భజన అందులో దొరికింది. చెవులకు బిళ్ళలు పెట్టుకుని, మీటను కొంచెం వెనక్కి జరిపాను. ఇంకొంచెం జరిపాను. గొంతు దిగింది, తాళం ఈడ్చింది. బురదలో ఎద్దుబండి కదిలింది. "ఏందయ్యా, కూసున్నకాడనే నిద్రవోతున్నవా?" అని మా ఆవిడ భుజం తట్టింది. నిద్ర కాదు. నా చెయ్యి కుర్చీ పట్టె మీద మెల్లగా, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ నడుమ బస్సొకటి వచ్చి పోయేంత సందిచ్చి కొడుతోంది. బయట వాన పడుతోంది. కప్పు వైపు చూశాను. పొడిగా ఉంది. ఆ పిట్టగోడ మీది లాట్‌సాబ్‌కు, అప్పటి నాకు, ఆ సంగతి చెప్పి, గమేళా కింద పెట్టి నవ్వరా అందామనిపించింది. కానీ వాడు నా మాటకు ఊరికే నవ్వేవాడు కాదు. ముందు తనకు శభాష్ చెప్పమనేవాడు.